రెండు లంకలకి ఎల్దామని

ఎల్దామనే అనుకున్నాం
నాను, కాశీబుగ్గ దాలమ్మ.

డబ్బా మూతమీద కాయితం అంటించినపుడు
గుమస్తా సిమ్మాద్రి సదివి సెప్పినాడు:
ఈ పప్పు ట్రినిడాడ్ పోతాది,
అక్కణ్ణుంచి ఓడ మారి టొబాగోకి.
"అదెక్కడయ్యా?"
"భూమికి ఆపక్క."
"ఆపక్కంటే, ఇచ్ఛాపురం అవతలా?"
నవ్వీసి ఫోన్లో పటం తీసినాడు.
అంత నీలంలో రెండు పలుకులు.
పెద్దది బద్ద, సిన్నది నూక.

ఇరవైరెండేళ్లుగా కొట్టి, కోసి, ఒలిసి పంపుతన్నాం.
ఒక్క గుండు ఎవులి నోట్లోకి ఎల్లిందో సూడనేదు.
దాలమ్మ అన్నాది:
"పిల్లనిచ్చినోళ్లం
అత్తోరింటికి ఓపాలి ఎల్లి సూసి రామేటి?"

అప్పట్నుంచి గంజి తాగినేళ కూకుంటే
అయే లెక్కలు.
జనవరి దాటినాక ఎల్లాలంట, ముందైతే వానలు.
తిత్లీ నాడు మా జీడితోటలు పడుకున్నట్టే
ఆ సముద్రం మీదా పెనుగాలులు తిరుగుతాయంట.
సలి ఉండదు, దుప్పటి మొయ్యక్కర్లేదు.
ఉప్పుగాలి, అక్కుపల్లి ఒడ్డున ఉన్నట్టే.
రెండు మెత్తటి పూరీల మధ్యన శనగల కూరెట్టి
రోడ్డుమీదే అమ్ముతారంట, డబుల్సంటారంట.
"మరింక బాధేటి? ఆవకాయొక్కటి కట్టుకుందాం."

పెద్ద లంకలో నాలుగ్రోజులు, సిన్నదాంట్లో రెండని
నానన్నాను.
దాలమ్మకి కోపమొచ్చినాది.
పలాసకి టేసను, కాశీబుగ్గకి బజారు,
మధ్యన పట్టాలున్నా ఒకటే మునిసిపాలిటీ.
జంటూరోళ్లకి తెలీదేటి
రెండో పేరోళ్లని ఎవులూ పిలవకపోతే ఎలగుంటాదో!
మూడూ మూడని తేల్సినాం.

సీటీ పాడితే పాసుపోర్టు ఖర్చుకి సరిపోనాది.
విమానానికి ఇంకెన్ని బస్తాలు కొయ్యాలో
సిమ్మాద్రి కాయితం మీద లెక్కేసి
మడిసి జేబులో ఎట్టీసుకున్నాడు.
మాకు సూపించనేదు.

సిక్కోలు ఆఫీసులో
ఎర్రగా ఎలుగుతున్న గాజుపలక.
"ఏలెట్టమ్మా. తుడిసి ఎట్టు. గట్టిగా నొక్కు.
ఇంకో ఏలు."
పదేళ్లూ అయిపోనాయి.
జీడిసొన తినీసినాది గీతలన్నీ.
నున్నగా, తోమిన గరిట అడుగులాగ
నా బొటనేలు.
కుర్రోడు మంచోడే. గొంతు తగ్గించి సెప్పినాడు,
నలభై రోజులు పని మానండి, మళ్లీ వస్తాయి.

పని సేస్తే గీత రాదు.
మానీస్తే టికెట్టు రాదు.

నరసన్నపేట దాటినాక గానీ దాలమ్మ నోరు తెరవనేదు.
"సిమ్మాద్రి సెప్పినాడు గదా,
ఎనకటికి మన దేశపోళ్లని సెరుకు కొట్టడానికి
ఆ లంకకి తోలుకుపోనారని.
సదువు రానోళ్లు. కాయితం మీద ఏలిముద్రేసి
ఓడెక్కినోళ్లు.
ఆళ్లకి ఎక్కడికి ఎల్తన్నారో తెలీదు,
ఏళ్లకి గీతలున్నాయి.
మనకేమో..."
కిటికీలోంచి ఉమ్మీసి
మిగతాది మింగీసినాది.

కాంప్లెక్స్ దగ్గర దిగుతూ తనే తీర్పు సెప్పినాది:
"ముందు నువ్వు మానీ.
నీ వంతు బస్తా కూడా నాను కోస్తాను.
నీ ముద్ర పడినాక నాను మాన్తాను."

ఇయాల్టికి పందొమ్మిదో రోజు.
బూడిద పూసుకోని సేతులు
ఎక్కడెట్టుకోవాలో తెలీక
వాకిలి రెండుసార్లు తుడుస్తన్నాను.
పొద్దుగూకినాక పట్టాలు దాటి అదొస్తాది,
నడుం పట్టుకుని.
ఫోను లైటేసి నా సెయ్యి లాక్కుంటాది.

రాత్రి, బొటనేలి సివర
సన్నగా ఒక వొంపు
పటంలో లంక ఒడ్డులాగ.
"వొచ్చినాదొలే!" అన్నాను.
అది కళ్లదగ్గరకి తెచ్చుకుని,
తిప్పి, గోటితో గీకి,
"గీత కాదే, సేపముల్లు గాటు" అన్నాది.

లైటు ఆర్పనేదు.
పక్కేలు సూస్తన్నాది.